ఎడమ చక్రం కింది నిప్పిల్

రొహానా టీచర్ మోరిస్ మైనర్ కారుకు ముందు చక్రాల దగ్గర ఆరు గ్రీజు నిప్పిళ్లున్నాయి, కీళ్లలోకి గ్రీజు ఎక్కించే చిన్న మూతులు. రెండేళ్లుగా నేను ఐదింటికే గ్రీజు పట్టిస్తున్నాను.

ఆరోది, ఎడమ చక్రం దగ్గర కిందివైపుది, మూసుకుపోయింది. గ్రీజు గన్ను నొక్కితే గ్రీజు లోపలికి పోదు, నిప్పిల్ మూతి చుట్టూ వెనక్కి తన్నుకొస్తుంది. దాన్ని విప్పి కొత్తది బిగించాలి. అరగంట పని. మొదటిసారి కనబడిన రోజు నాకు నడుము పట్టేసి ఉంది, వచ్చేసారి చూద్దాంలే అనుకున్నాను. అది బద్ధకం. మూడు నెలల తరవాత ఆమె మళ్లీ వచ్చేసరికి అది ఇంకేదో అయింది. ఇప్పుడు విప్పితే పోయినసారి విప్పలేదని ఒప్పుకున్నట్టే. ఎవరి దగ్గర? ఆమె ఎలాగూ వంగి చూడదు. నా దగ్గరే. అందుకే విప్పలేదు.

మలేసియాలోని మా ఇపో ఊళ్లో పాత కార్లున్నవాళ్లందరికీ నా షాపు ఆనవాయితీ ఒకటి తెలుసు. గ్రీజు సరిగ్గా ఎక్కితే కీలు అంచు నుంచి ముందు పాత నల్లటిది బయటికొస్తుంది, దాని వెనక కొత్త పసుప్పచ్చది. నల్లదాన్ని తుడిచేస్తాను, పసుపుదాన్ని మాత్రం సన్నటి చుట్టులా వదిలేస్తాను. పని జరిగిందనడానికి అదే నా సంతకం. ఆ ఆరో చోట ఆ చుట్టు నేను వేలితో దిద్దేవాణ్ణి. నిజమైన ఐదింటికంటే అదే నీటుగా ఉండేది.

ఆ బుధవారం పొద్దున్న టీచర్ కారు దిగుతూనే అంది:

"మెంగ్, తొందరగా కానియ్. ఇటునుంచి ఇటే కొండెక్కుతున్నా. తానా రాటాలో మా చెల్లెలికి మోకాలి ఆపరేషనైంది, పది రోజులు వండి పెట్టాలి."

రోజూ నా షాపులో కూర్చుని పేపరు చదివే రైల్వే తంగవేలు అంకుల్ కళ్లజోడు పైనుంచి చూశాడు.

"బస్సులో పోరాదమ్మా? కారుకి అరవై ఎనిమిదేళ్లు, డ్రైవరుకి డెబ్బై ఒకటి. మిమ్మల్ని చూసి కొండే జడుసుకుంటుంది."

"ఆ బస్సువాడికంటే నేనే నయం. మలుపొస్తే నేను హారన్ కొడతా, వాడు కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటాడు."

"మీ పక్కన కూర్చున్నవాళ్లు తలుచుకుంటారు లెండి."

"నాకేం భయమయ్యా, మెంగ్ ఉండగా! ఇన్నేళ్లలో ఒక్కసారైనా కిందికి వంగి చూశానా? వాడి చెయ్యి పడితే చాలు."

ఆ మాట అన్నప్పుడు నేను కారు కిందే ఉన్నాను. గన్ను మూతి ఆరో నిప్పిల్ మీదే ఉంది. నొక్కాను. గ్రీజు ఎప్పటిలాగే వెనక్కొచ్చి నా బొటనవేలి మీదుగా కారింది. రెండేళ్లుగా చుక్క తడి తగలని కీలు అది. చక్రమంతా దాని మీదే ఆనుకుని తిరుగుతుంది. లోపలి స్క్రూ మరలు అరిగి కీలు ఊడితే, మలుపులో చక్రం కారు కిందికి మడుచుకుపోతుంది. ఆ ఘాట్ రోడ్డు మీద ఎన్ని మలుపులున్నాయో నాకు తెలుసు. అయినా నా వేలు తన పని తాను చేసుకుపోయింది. చుట్టు దిద్దింది.

"అయిందా?"

"అయింది టీచర్."

ఆమె తలకు గుడ్డ సరిచేసుకుని కారెక్కి స్టార్ట్ చేసింది. కారు గేటు దాకా వెళ్లింది. అప్పుడు పరిగెత్తి బానెట్ మీద రెండు చేతులూ వేసి ఆపాను.

ఆమె ప్రాణం గుర్తొచ్చి ఆపానని చెప్పుకోవాలని ఉంది. కాని ఆ క్షణంలో నా కళ్లకు కట్టింది ఆమె కాదు. లోయ పక్కన తిరగబడిన కారు, చుట్టూ జనం. ఆ జనంలో తంగవేలు అంకుల్ కళ్లజోడు సర్దుకుని ఎడమ చక్రం దగ్గర వంగి చూస్తున్నాడు. అక్కడ శుభ్రంగా, గుండ్రంగా, పసుప్పచ్చటి నా సంతకం.

"ఏంట్రా?" అంది టీచర్.

"ఒక నిప్పిల్... మూసుకుపోయినట్టుంది. ఇప్పుడే అనుమానమొచ్చింది. లోపలికి తీసుకురండి."

అప్పుడు కూడా అబద్ధమే చెప్పాను. అది నోట్లో ముందే తయారుగా ఉన్నట్టు వచ్చేసింది.

"చూశావా తంగవేలూ, ఇదీ పనంటే," అంది ఆమె కారు వెనక్కి తీస్తూ. "ఇంకొకడైతే పోనీలే అని వదిలేసేవాడు."

జాకీ మీద కారు లేపి, చక్రం ఊడదీసి, కీలు విప్పాను. గ్రీజు బదులు తుప్పు పొడి రాలింది, నశ్యంలా. మరలు అరిగి బ్లేడు అంచుల్లా పలచబడ్డాయి. గుడ్డలో చుట్టి పక్కన పెట్టేద్దామనుకున్నాను. కాని ఇన్నేళ్లలో మొదటిసారి టీచర్ వంగి చూస్తోంది. చెయ్యి చాచింది. ఆ ముక్క ఇచ్చాను.

వేలితో తడిమి చూసింది. పొడి ఆమె అరచేతిలో పడింది.

"ఇది ఒక్క రోజులో ఇలా అయిందా?"

పరీక్షలో పక్కవాడి కాగితం చూసి రాసిన పిల్లవాణ్ణి అడిగినట్టే అడిగింది. కోపం లేదు. జవాబు కోసం ఆగింది, అంతే. తంగవేలు అంకుల్ పేపరు మడిచాడు.

"లేదు టీచర్. రెండేళ్లయింది."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ప్రతిసారీ అయిందన్నావు."

"అన్నాను. పైన పూసేవాణ్ణి."

తిడుతుందని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే తిట్టాలని కోరుకున్నాను. తిడితే నేను తల వంచుకునేవాణ్ణి, ఏదో ఒకటి చెల్లిపోయేది. ఆమె ముక్కను బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని, ఫోన్లో చెల్లెలితో మాట్లాడింది. "సాయంత్రమవుతుంది వచ్చేసరికి. కారులో చిన్న పనుంది," అంది. నా పేరెత్తలేదు. ఎత్తకపోవడం నాకింకా కష్టంగా తోచింది.

"పదిహేనేళ్లుగా నీ షాపులో కూర్చుంటున్నానురా," అన్నాడు తంగవేలు అంకుల్ మెల్లిగా. తెప్పించుకున్న కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

పాత సామాన్ల గదిలో కొత్త కీలు దొరికింది. బిగించేసరికి మూడయింది. కొత్త నిప్పిల్ కూడా పెట్టి గన్ను చేతిలోకి తీసుకున్నాను.

"ఇటివ్వు," అంది టీచర్.

"బట్టలు పాడవుతాయి టీచర్."

"ఇటివ్వు. ఎలాగో చెప్పు."

నేల మీద పాత పేపర్లు పరిచాను. పొడుగు గౌను మోకాళ్ల దగ్గర పోగేసుకుని కూర్చుంది. గన్ను మూతి నిప్పిల్‌కు ఎలా పట్టించాలో చూపించాను. చక్రం ఎందుకు గాల్లో ఉండాలో చెప్పాను. బరువు కీలు మీద ఉంటే గ్రీజు కిందివైపుకు పోదని చెప్పాను. ఆమె రెండు చేతులతో నొక్కింది. అంచున పసుపు మెల్లిగా ఉబ్బింది.

"సరిపోయింది టీచర్," అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. ముఖం చక్రానికి దగ్గరగా పెట్టి, కీలు చుట్టూ వేలితో తడిమి, అవతలి అంచున కూడా వచ్చిందో లేదో చూసుకుంది. తరవాత మోకాళ్ల మీదే జరుగుతూ కుడి చక్రం దగ్గరికెళ్లి, నేను పొద్దున్న పట్టించిన మొదటి నిప్పిల్‌కు గన్ను మూతి తగిలించింది.

"అది బాగానే ఉంది," అనబోయి మానేశాను. లైటు పట్టుకుని నిలబడ్డాను.