పిట్ట ముట్టేదాకా

పెంటయ్య చెలక పోవడానికి కారణం తొర్రూరు హరీష్. ఈ మాట అతను పెద్దవంగర చాయ్ హోటల్లో చెప్పాడు, మండలాఫీసు మెట్ల మీద చెప్పాడు, బతికున్నన్నాళ్లు చెబుతాడు. వినేవాళ్లు నవ్వుతారు. "నీ నోటితోని నువ్వే ఇస్తివి గదనే. మేము ఫోన్ల సూడలేదా?" అంటారు. చూశారు. అదే అతని ఏడుపు. బోరు నీళ్లున్న ఆ ఒక్క చెలక తప్ప అతనికి వేరే భూమి లేదు.

హరీష్‌కు ఒక యూట్యూబ్ చానల్ ఉంది, ఒక డ్రోన్ ఉంది. సిగ్గు ఒకటి లేదు.

పెంటయ్య చెల్లెలు శాంతి పాటలు పాడుతుంది. తల్లి కొమురవ్వ నాట్లేస్తూ పాడిన పాటలనే ఫోన్లో పెడితే లక్షల మంది చూశారు. ఇక అప్పటినుంచి ఆమె ఏ చీర కట్టింది, ఏ కారెక్కింది, పక్కన మొగుడున్నాడా లేడా అన్నది కూడా జనం సొత్తయింది. మొగుడు సంజయ్ భూపాలపల్లిలో ఉంటాడు, ఆమె బిడ్డను తీసుకొని జనగామలో ఉంటుంది. విడాకుల కేసు నడుస్తోంది. ఆ సంగతి కొమురవ్వకు, పెంటయ్యకు, చిన్నమ్మ లచ్చవ్వకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

కొమురవ్వ చనిపోయిన రోజు శాంతి అన్నను ఇంటి వెనక్కి పిలిచి ఒకే మాట అడిగింది.

"అన్నా, సంజయ్ ముచ్చట బయటికి రానీయకు. వీళ్లకు తెలిస్తే నా బిడ్డ బడికి గూడ పోలేదు. మైకులు పట్టుకొని ఆడికే వస్తరు."

"నా పాణం పోయినా రానీయ" అన్నాడు పెంటయ్య. పాణమే పోయినా బాగుండేది.

మూడో రోజు పిట్టకు పెట్టారు. చెలకలోనే, కొమురవ్వను పూడ్చిన బొంద దగ్గర మోదుగు విస్తరిలో అన్నం, కోడికూర, పక్కన ముంతలో కల్లు. పెట్టినవాళ్లు ఎడంగా జరిగి నిలబడాలి. కాకి వచ్చి ముట్టేదాకా అయినవాళ్లెవరూ కదలకూడదు. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని లెక్క. ఆ కోరిక తీరుస్తామని పైకి అనాలి. అవి ఇంటివాళ్ల మధ్య మాటలు. అక్కడే గాలిలో కలిసిపోతాయి.

ఆ రోజు కాకులు తుమ్మచెట్టు మీద కూర్చొని చూస్తున్నాయి. వాటికీ విస్తరికీ మధ్య హరీష్ డ్రోన్ జుయ్యిమని తిరుగుతోంది. గట్టు మీద ఇంకా మూడు నాలుగు చానళ్లవాళ్లు ఉన్నారు. శాంతి కొంగు ముఖం మీదికి లాక్కుంటే డ్రోన్ మరింత కిందికి దిగింది. ఆమె అక్కడి నుంచి పోదామంటే కాకి ముట్టలేదు. కాకి ముట్టాలంటే ఆ మిషన్ పోవాలి.

"హరీషూ, గా మిషన్ దించు బిడ్డా. పిట్ట రాదు" అన్నాడు పెంటయ్య.

"ఒక్క షాటే అన్నా. లైవ్ నడుస్తున్నది. శాంతక్కా, బావ రాలేదేంది? అత్త సచ్చిపోతే అల్లుడు రావాలె గద?"

శాంతి తల తిప్పుకుంది.

"డ్యూటీల ఉన్నడు" అన్నాడు పెంటయ్య.

"మూడొద్దుల సంది దిగని డ్యూటీ ఏందో" అన్నాడు గట్టు మీద ఇంకొకడు. పక్కవాళ్లు నవ్వారు.

పొద్దు నెత్తి మీదికి వచ్చింది. చెప్పులు లేని కాళ్లు కాలుతున్నాయి. "అవ్వా, నీ మేకల అమ్మ" అన్నాడు పెంటయ్య. కాకి రాలేదు. "నీకు సమాధి కట్టిస్త" అన్నాడు. రాలేదు.

లచ్చవ్వకు చెవులు మందం, చూపు ఇంకా మందం. డ్రోన్ సంగతి ఆమెకు తెలియదు. అక్క నిజంగానే అలిగిందనుకొని ముందుకు వచ్చింది.

"మీకు ఎరుక లేదు. మా అక్క రంధి నాకెరుక. సచ్చేదాక గదే దిగులు పడ్డది. చిన్నపొల్ల బతుకు..."

హరీష్ మైకు ఆమె నోటి దగ్గరికి పోయింది. "చెప్పు అవ్వా, జర గట్టిగ. శాంతక్క బతుకుకు ఏమైంది?"

శాంతి అన్న వైపు చూసింది. లచ్చవ్వ మాట మింగించాలంటే అంతకంటే పెద్ద మాట కావాలి, అదీ ఇప్పుడే. కాళ్ల కింద కాలుతున్న మన్ను తప్ప పెంటయ్యకు ఇంకేదీ తట్టలేదు.

"అవ్వా, ఈ చెలక చెల్లెకు రాస్తనే" అని అరిచాడు. "గదే గద నీ రంధి. మొత్తం రాస్త."

మైకు లచ్చవ్వను వదిలి అతని వైపు తిరిగింది. అప్పుడే బ్యాటరీ అయిపోయి డ్రోన్ గట్టు మీద దిగింది. చప్పుడు ఆగింది. ఒక కాకి వచ్చి కోడికూరలో ముక్కు పెట్టింది.

"సూసిన్రా, కొమురవ్వ ఇన్నది" అని ఆడవాళ్లు చేతులు జోడించారు. అందరూ కాకిని చూశారు. పెంటయ్య డ్రోన్‌ను చూశాడు.

పొద్దుగూకేసరికి ఆ వీడియో ఊళ్లన్నీ తిరిగింది. అన్నంటే నువ్వే అని ముక్కూ మొహం తెలియనివాళ్లు ఫోన్లు చేశారు. భార్య మాట్లాడటం మానేసింది. జనగామ నుంచి శాంతి, "నాకొద్దన్నా, ఎవరన్న అడిగితే ఏదన్న చెప్పుదం" అంది. అడిగింది హరీషే.

"అన్నా, రిజిస్ట్రేషన్ ఎప్పుడు? జనం కామెంట్లు పెడుతున్నరు. ఇయ్యకపోతే ఎందుకియ్యలేదో గదొక వీడియో చేస్త. అవ్వ రంధి ఇంకేదో ఉన్నట్టు గద. లచ్చవ్వను అడుగుత, ఏం పరేషాన్ లేదు."

పెంటయ్య ఆ మాటను చెల్లెలికి చేరవేశాడు.

"రాయన్నా" అంది శాంతి. "కేసు తేలినంక మల్ల నీకే రాస్త."

మండలాఫీసు గుమ్మంలో హరీష్ కెమెరాతో నిలబడ్డాడు. "జర నవ్వన్నా" అన్నాడు. పెంటయ్య నవ్వాడు.

పత్తి ఏరకముందే సంజయ్ భూపాలపల్లిలో ఇంకో చానల్ ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. విడాకుల సంగతి మొదలుకొని పడకింటి మాటల దాకా తనే చెప్పాడు. తెల్లారి శాంతి బిడ్డ బడి గేటు దగ్గర మైకులు నిలబడ్డాయి. చెలక మళ్లీ అన్నకే రాద్దామంటే, కేసు తేలేదాకా ఆస్తులు కదపొద్దని ఆమె వకీలు చెప్పాడట. అది ఎప్పుడు తేలుతుందో వకీలుకే తెలియదు.

ఇప్పుడు తల్లికి దీపం పెట్టాలన్నా పెంటయ్య ఇంకొకరి పేరు మీద ఉన్న భూమిలోకి అడుగుపెట్టాలి. పోయింది ఎకరం పదమూడు గుంటలు, బోరుతో, అవ్వ బొందతో కలిపి.