పిట్టలు సున్నా, జింకలు నలభై

ఆ అడవిలో అంతరించిపోతున్న ప్రాణులు రెండు. పొదజింక నోరు విప్పదు. అది వదిలిన పెంటికలు, గిట్టల గుర్తులు చూసి మేనకోడలు లెక్క కడుతుంది. పాటపిట్ట ఓ పట్టాన కంటబడదు. దాని పాట విని అత్త లెక్క కడుతుంది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు.

ఈ ఏడు రెండు కాగితాలూ బల్లమీద పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. జింకలు నలభై, పిట్టలు సున్నా.

"రెండూ ఆ పొదల్లోనే కదత్తా బతికేది! జింకలు బాగానే ఉంటే పిట్టలకేమైంది?"

"నన్నడుగుతావేం? వెళ్ళి నీ జింకల్నే అడుగు."

కోపం పైకి మాత్రమే. శుక్రవారం ఆ సున్నా అటవీశాఖ పైఆఫీసుకి చేరితే, పిట్ట పేరున మూసి ఉంచిన ఎగువ వాలుని కలప కొట్టేవాళ్ళకి తెరిచేస్తారు. జింకలకి దిగువ అడవి చాలంటారు. అత్త ముప్పై ఏళ్ళు చెవులు రిక్కించి కాపాడుకున్న చోటు అది. అందుకే మర్నాడు పొద్దున్నే, మొదటిసారి, ఇద్దరూ కలిసి ఎక్కారు.

పైన మేనకోడలు పెంటికలు ఏరుతూ విసుక్కుంది. "ఈ పురుగు గోలేంటత్తా, చెవిలో సూది పెట్టి పొడిచినట్టు!"

"ఏ పురుగు?"

"ఇదే. ఆగింది. ఇదిగో, మళ్ళీ మొదలెట్టింది."

అత్తకి ఆకుల గలగల వినిపిస్తోంది, మేనకోడలి గాజుల చప్పుడూ వినిపిస్తోంది. పురుగు మాత్రం లేదు. మేనకోడలు చూస్తున్న కొమ్మకేసి తలెత్తింది.

గుప్పెడంత గోధుమరంగు పిట్ట. గొంతు ఉబ్బింది, ముక్కు బార్లా తెరుచుకుంది, మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. చడీచప్పుడూ లేదు.

వయసు మీదపడితే సన్నటి శబ్దాలే ముందు దూరమవుతాయని అత్త విన్నదే. తనకి కాదనుకుంది, అంతే.

"ఎన్ని వినిపిస్తున్నాయే?" అంది.

"ఇవి పిట్టలా! అటు రెండు... ఇటు ఒకటి... ఆ పైన ఇంకోటి. నాలుగు."

సున్నా కొట్టేసి నాలుగు వేసింది అత్త. పెన్సిలు, కాగితం మేనకోడలి చేతిలో పెట్టింది. "మొదట సున్నా ఎందుకొచ్చిందో కూడా రాయి. నాకు వినపడలేదని రాయి."

"అలా రాస్తే నిన్ను ఈ పనిలో ఉంచరత్తా."

"రాయమన్నానా!"

మేనకోడలు రాసింది. పిట్ట ఇంకా పాడుతూనే ఉంది. అత్త దాని ముక్కునే చూస్తూ మేనకోడలి పక్కకి జరిగి కూర్చుంది.

"చివర్లో చిన్న విరుపొకటి ఉంటుంది. అది రాగానే నా చెయ్యి నొక్కు."

కాసేపటికి మేనకోడలు నొక్కింది. ఆ చెయ్యి అత్త వదల్లేదు.