సన్న తీగ

దవడ ఎముకను వయొలిన్‌కు గట్టిగా ఆనించి, కళ్ళు మూసుకుని, సీసాలాయన తీగ బిగించే బిరడాను వెంట్రుకవాసి తిప్పాడు. మూడు తీగలూ చెప్పినమాట విన్నాయి. నాలుగోది, అన్నిటికన్నా సన్నది, ఎక్కడుందో తెలియలేదు. కమాను లాగితే వేలికి దాని వణుకు తెలుస్తోంది. దవడలో ఎక్కడో చీమ నడిచినట్టుంది. చెవికి మాత్రం ఏమీ లేదు.

రెండేళ్ళుగా దానికో ఉపాయం నడుస్తోంది. తీగ సరిగ్గా ఉన్న ఒకనాడు బిరడా మీద, దాని పక్కన చెక్క మీద పెన్సిలుతో చెరో గీత గీసుకున్నాడు. రెండు గీతలూ కలిస్తే శ్రుతి కలిసినట్టు. పోయిన వారం పాత తీగ పుటుక్కున తెగింది. కొత్తది వేశాడు. కొత్త తీగ కొత్త చెప్పులాంటిది, రోజుకింత సాగుతుంది. ఇప్పుడు గీతలు కలిసినా శ్రుతి కలిసినట్టు నమ్మకం లేదు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి అతనికి తిన్నది ఒంటబట్టడం లేదు.

భార్య వచ్చి సరిగ్గా ఎదురుగా నిలబడింది. ఈమధ్య ఆవిడ వెనక నుంచి మాట్లాడడం మానేసింది. ఎందుకు మానేసిందో అతను ఆలోచించలేదు.

"టీ చల్లారిపోతోందండీ. తెల్లారినప్పట్నుంచీ దాని చెవి మెలిపెడుతూనే ఉన్నారు. అదేం తప్పు చేసింది పాపం?"

"కొత్త తీగ. మొండికేస్తోంది."

"సాయంత్రం సాధనలో వాన పాట ఉందనా ఈ కంగారు?"

"కంగారెందుకు" అన్నాడు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోకుండా ఉండడానికి టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

వాన పాట ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. వాళ్ళ జట్టులో డ్రమ్ము వాయించే దర్జీ ఎప్పుడో కట్టిన వరస. ప్రతి గురువారం సాయంత్రం నలుగురు కలిసి సరదాకి వాయించుకునే జట్టు అది. రెండేళ్ళుగా ఎందుకో ఆ పాట ముట్టుకోలేదు. ఇప్పుడు లైబ్రరీ వార్షికోత్సవానికి, ఈ ఆదివారమే, అదే వాయించమని లైబ్రరీ అమ్మగారు ఏరి కోరి అడిగింది. ఆ పాట చివర్లో వాద్యాలు ఒక్కొక్కటే ఆగిపోతాయి. వయొలిన్ ఒక్కటే మిగిలి, సన్న తీగ మీద పైకెక్కి ముగుస్తుంది.

అతను పనిచేసేది సీసాలు నింపే ఫ్యాక్టరీలో. బెల్టు మీద సీసాలు వరసగా వస్తాయి, వెనక తెల్లటి లైటు పలక వెలుగుతుంటుంది. పలక ముందు స్టూలు వేసుకుని కూర్చుని, పగుళ్ళున్నది, మూతి విరిగినది, లోపల నలక ఉన్నది పట్టి తీసెయ్యాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే స్టూలు. సీసాకు సీసా తగిలే చప్పుడు రోజంతా గులకరాళ్ళ వానలా కురుస్తూనే ఉంటుంది. చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చేవారు. అతను పెట్టుకునేవాడు కాదు. అప్పట్లో ఆ హోరులోనే పగిలిన సీసాను చెవితో పట్టేవాడు. కళ్ళు పక్కకి తిప్పి కబుర్లు చెబుతూనే చెయ్యి చాచి, వచ్చే సీసాల్లోంచి ఒకదాన్ని లాగి పడేసేవాడు. ఎత్తి చూస్తే అడుగున వెంట్రుకంత పగులుండేది. సీసాలాయన అనే పేరు అలా వచ్చింది. పేరు మిగిలింది. చెవి తరిగిపోయింది.

భోజనం వేళ దాటాక మేస్త్రీ వచ్చి భుజం తట్టాడు. కొత్త సీసాలు తెచ్చిన లారీ దారిలో గోతిలో పడిందట.

"అన్నా, ఓసారి మోగించి చెప్పు. సరుకు దించుకోమంటావా, వెనక్కి పంపమంటావా?"

నలుగురైదుగురు కూలీలు చుట్టూ మూగారు. సీసాలాయన చెంచా తీసుకున్నాడు. సీసా మెడ కింద రెండు వేళ్ళతో వేలాడదీసి, పొట్ట మీద కొట్టాడు. మంచి సీసా అయితే వేళ్ళ మధ్య కాసేపు తుమ్మెదలా వణుకుతుంది. పగిలినది వెంటనే చచ్చిపోతుంది. చెవులతో పనిలేని ఆ సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు. మొదటిది వణికింది. రెండోది వణికింది. మూడోదాని దగ్గర అతని వేళ్ళే వణుకుతున్నాయో, సీసా వణుకుతోందో తేల్చుకోలేకపోయాడు.

"ఇది తీసెయ్" అన్నాడు.

మేస్త్రీ దాన్ని అందుకుని చెవి దగ్గర పెట్టుకుని తనూ ఒకసారి కొట్టాడు. "బాగానే మోగుతోందే అన్నా."

"ఇవాళ మోగుతుంది. రేపు నింపాక నీ ఒళ్ళో పగులుతుంది. నీ ఇష్టం."

కూలీలు నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వి ఆ సీసాను పక్కన పెట్టాడు. నవ్వేముందు ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు. ఆ ఒక్క క్షణం సాయంత్రం దాకా సీసాలాయన వీపుకి అంటుకునే ఉంది, తడిసిన చొక్కాలా.

ఫ్యాక్టరీ నుంచి వయొలిన్ పెట్టెతో తిన్నగా జట్టు వాయించుకునే గదికి వెళ్ళాడు. లాండ్రీ దుకాణం మీది మేడ గది. కింద ఇస్త్రీ ఆవిరి, గంజి వాసన మెట్ల మీదుగా పైకి వస్తుంటాయి. దర్జీ అప్పటికే డ్రమ్ము ముందు కూర్చుని మెడలో టేపు కూడా తీయకుండా కాళ్ళు ఊపుతున్నాడు. పళ్ళ డాక్టరు గిటారు తుడుస్తున్నాడు. పోస్టాఫీసు గుమస్తా, అందరికన్నా చిన్నవాడు, ఫ్లూటు కడుక్కుని వచ్చాడు.

"రావయ్యా. నీ సన్న తీగ నిద్ర లేచిందా లేదా?" అన్నాడు దర్జీ.

"లేచింది" అన్నాడు సీసాలాయన. గీతల వంక చూసుకున్నాడు. రెండూ కలిసే ఉన్నాయి.

మొదలుపెట్టారు. కింది తీగల మీద నడిచినంతసేపూ అతనికి భయం లేదు. చెయ్యి తన దారిన తాను పోయింది. కొంతసేపటికి డ్రమ్ము ఆగింది. పాటలో అది ఆగవలసిన చోటే. గిటారు ఆగింది. ఫ్లూటు ఆగింది. ఒక్కడే మిగిలాడు. కళ్ళు మూసుకుని సన్న తీగ మీదికి ఎక్కాడు. దవడలో చీమ నడిచింది. వేళ్ళు తాము మరిచిపోని మెట్లు ఒక్కొక్కటే ఎక్కి పైన నిలబడ్డాయి. కమాను చివరిదాకా లాగి ఆపాడు.

కళ్ళు తెరిచాడు. మామూలుగా అయితే దర్జీ తొడ మీద చరిచి "అదీ" అంటాడు. దర్జీ అనలేదు. డ్రమ్ము తోలు మీద అరచెయ్యి పరిచి దాన్నే చూస్తున్నాడు. డాక్టరు నేల చెక్కల్లో ఏదో వెతుకుతున్నాడు.

"బాబాయ్, తీగ..." అన్నాడు గుమస్తా. దర్జీ కళ్ళెర్రజేసేసరికి మిగతాది మింగేశాడు.

డాక్టరు అందుకున్నాడు. "కొత్త తీగ కదండీ, సాగిపోయి ఉంటుంది. ఎవరికైనా జరిగేదే. మళ్ళీ కలుపుకుందాం."

గుమస్తా ఫ్లూటు మీద ఒక స్వరం ఊది పట్టుకున్నాడు. సీసాలాయన బిరడా పట్టుకున్నాడు. అతనికి ఆ స్వరమూ లేదు, తీగా లేదు. ఎదురుగా ఫ్లూటు మీదుగా గుమస్తా కనుబొమలు ఉన్నాయి. అబద్ధం ఆడడం చేతకాని ముఖం అది. బిరడా తిప్పాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకాస్త తిప్పాడు. ముడి సడలింది. ఇంకా వెంట్రుకవాసి. ముఖం తేటపడింది. అక్కడ ఆపాడు.

"ఇప్పుడు కుదిరిందా?" అన్నాడు.

అన్నాక గానీ తను ఏమన్నాడో తెలియలేదు. ఇరవై రెండేళ్ళలో ఆ గదిలో ఆ మాట అందరూ అతన్ని అడిగినదే. అతను ఎవరినీ అడిగినది కాదు. గుమస్తా తల దించుకున్నాడు.

"నాకిది వినపడట్లేదు" అన్నాడు సీసాలాయన.

కింద ఎవరో ఇస్త్రీపెట్టె దించారు. నేల చిన్నగా అదిరింది.

"తెలుసు" అన్నాడు దర్జీ.

"ఎప్పట్నుంచి?"

"వాన పాట ఆపిన దగ్గర్నుంచి."

ఆ పాట ఎందుకు ఆపారంటే, డాక్టరు వేలు నొప్పి అన్నాడు. ఆ తర్వాత గుమస్తా తనకు పడవ పాట విసుగొచ్చిందన్నాడు. దర్జీ మరో రెండు పాతబడ్డాయని తీసేశాడు. సీసాలాయన మనసులో పాటల పట్టీ వేసుకున్నాడు. రెండేళ్ళుగా వాయిస్తున్నవన్నీ కింది తీగల పాటలే. ముగ్గురు మనుషులు తన కోసం నడుం వంచుకుని తిరుగుతున్నారు. తనకేమో గుమ్మం పొట్టిదైన సంగతే తెలియలేదు.

"దానికేముందయ్యా" అన్నాడు దర్జీ. "ఆదివారం వేరేది వాయిద్దాం. లైబ్రరీ అమ్మగారికి నేను చెబుతాలే, డాక్టరుకి వేలు నొప్పని."

"మళ్ళీ నా వేలేనా" అన్నాడు డాక్టరు. "పేషెంట్లు రావడం మానేస్తారు."

అందరూ నవ్వారు. సీసాలాయన కూడా నవ్వాడు. నవ్వి, గుమస్తా వైపు తిరిగాడు.

"చివరి భాగం నువ్వు తీసుకో."

"నాకు రాదు బాబాయ్."

"వస్తుంది. ఊదు."

గుమస్తా దర్జీని చూశాడు. దర్జీ ఫ్లూటు వైపు గడ్డం ఊపాడు. గుమస్తా ఊదాడు. మొదటిసారి మధ్యలో తొట్రుపడ్డాడు. సీసాలాయన అతని వేళ్ళు చూస్తూ "అక్కడ తొందరపడకు, ఊపిరి పట్టుకో" అన్నాడు. రెండోసారి వేళ్ళు ఒక్కొక్కటే లేచాయి. పైకి పోయే కొద్దీ అతనికి గాలి తప్ప ఏమీ అందలేదు. అతను ఫ్లూటు వంక చూడడం మానేసి దర్జీ వంక చూస్తూ కూర్చున్నాడు. దర్జీ నోరు కొద్దిగా తెరుచుకుంది. తర్వాత చెయ్యి లేచి, తనకు తెలియకుండానే, తొడ మీద పడింది.

"సరే" అన్నాడు సీసాలాయన. వయొలిన్ పెట్టెలో పెట్టాడు. కమాను వదులు చేసి మూత లోపలి క్లిప్పుల్లో దూర్చాడు. తొందర లేదు.

దర్జీ గుమ్మం దాకా వచ్చాడు. ఎదురుగా నిలబడి అడిగాడు. "ఆదివారం వస్తావుగా?"

"ముందు వరసలో కూర్చుంటాను. నీ ముఖం కనపడేలా కూర్చో."

మెట్లు దిగి వెళ్ళాడు. మిగతావాళ్ళు వెళ్ళేటప్పుడు డాక్టరు మూడు కుర్చీలు మడిచి గోడకు ఆనించాడు. నాలుగోది మడవబోయి ఆగాడు. దాని మీద సీసాలాయన గడ్డం కింద వేసుకునే చేతిరుమాలు నాలుగు మడతలుగా ఉంది. ఎముక ఆనిన చోట చింతగింజ రంగు మరక, ఇంకా ఆరని చెమటతో మెత్తగా ఉంది.