బక్కమ్మ ముఖం

ఐలేశం చెక్క మీది పొట్టును ఊది, అచ్చును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకున్నాడు. అరచేయంత చెక్క. అందులో ఒక ఆడమనిషి, భుజాన గొంగడి, వెనక నాలుగు మేకలు. ఆమె గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. గీత మిగిలేలా చుట్టూ చెక్కనంతా తవ్వేయడమే ఈ పని. మిగిలినదానికే సిరా అంటుతుంది, అదే కాగితం మీద పడుతుంది. ఆవగింజంత చుక్కల్ని మిగల్చడానికి నిన్న పొద్దంతా పట్టింది.

"అయ్యిందా?" గదిలోంచి అతని భార్య బక్కమ్మ అడిగింది.

"అయ్యింది. ఇయ్యాల అచ్చైతది."

"నేనున్నప్పుడే తే."

ఐలేశం ఉలిని గుడ్డతో తుడవసాగాడు. దవాఖానలో డాక్టరు ఆమె కడుపు మీద చేయి పెట్టి చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. అప్పటినుంచి ఆమె మంచం దిగలేదు. ఒకప్పుడు హాలియా పక్క గుట్టల్లో మేకల వెంట చెంగున ఎక్కిన కాళ్ళు ఇప్పుడు దుప్పటి కింద ఉన్నాయో లేవో తెలియడం లేదు.

ఐలేశం కూడా గొర్లు కాసినవాడే. కాస్తూ కాస్తూ కర్రల మీద బొమ్మలు చెక్కేవాడు. నల్లగొండ ప్రెస్సు యజమాని అమరేందర్ అది చూసి పిలిచి పని ఇచ్చాడు. కొత్తగా అక్షరాలు నేర్చిన పెద్దవాళ్ళ కోసం ఆ ప్రెస్సు చిన్న చిన్న బొమ్మల కథలు వేస్తుంది. మంత్రసాని కథ, కుమ్మరి కథ, దవాఖాన గడప దగ్గర కూచున్న తల్లి కథ. అన్నిటికీ బొమ్మలు ఐలేశానివే. పుస్తకం మీద అతని పేరు మాత్రం ఎన్నడూ పడలేదు, పడాలని అతను అడగనూ లేదు.

ఆడమనిషి బొమ్మ కావాలంటే ఐలేశానికి బక్కమ్మే దిక్కు. చాట పట్టుకొమ్మని, బిందె ఎత్తమని, అలిగినట్టు కూచొమ్మని చెప్పి చూసి గీసేవాడు. తీరా ముఖం దగ్గరికి వచ్చేసరికి క్యాలెండర్లో దేవతల ముఖం పెట్టాల్సి వచ్చేది. బొమ్మలు చూసి ఒప్పుకునే పైవాళ్ళకు అదే నచ్చేది. పుస్తకం ఇంటికి తెస్తే బక్కమ్మ పేజీలు తిప్పుతూ నవ్వేది.

"చేతులు నావి, మొకం ఎవలిదో! ఒక్కపారన్న నన్ను నా లెక్క గియ్యరాదూ?"

నవ్వుతూ అన్నా, ఆ కోరిక ఆమెకు నవ్వులాట కాదు. పుస్తకం ఊరూరికీ పోతుంది, హాలియా పక్క ఉన్న పుట్టింటికీ పోతుంది. అన్నదమ్ములు చూసి మా బక్కి అనాలి. అందుకు పచ్చబొట్టు ఉండాలి. చచ్చినప్పుడు పుస్తె, గాజులు, ముక్కుపుల్ల అన్నీ తీసేస్తారు, పచ్చబొట్టు ఒక్కటే వెంట వస్తుందని ఆమె నమ్మకం.

ఇన్నాళ్ళకు మేకలు కాసే ఆమె కథ వచ్చింది. ఐలేశం ఎవరినీ అడగకుండా బక్కమ్మనే చెక్కాడు. అతని బతుకులో చేసిన పెద్ద సాహసం అదే.

పక్కింటి అండాలును ఆమె దగ్గర కూచోబెట్టి, అచ్చునూ ఉలినీ గుడ్డలో చుట్టుకుని ప్రెస్సుకు పోయాడు. బొమ్మలు ఒప్పుకోవలసిన పుస్తకాల కమిటీ అధికారి అప్పటికే వచ్చి కుర్చీలో కూచున్నాడు. కోస్తా మనిషి, చల్లగా మాట్లాడతాడు, ఎవరినీ కసురుకోడు. అమరేందర్ అచ్చుకు సిరా పూసి ఒక మచ్చు ప్రతి తీసి ఆయన ముందు పెట్టాడు.

"పని బాగుందయ్యా. కానీ ఈ పచ్చబొట్లేమిటి? దేశం ముందుకు పోతూంటే మన ఆడవాళ్ళింకా ఇలాగే ఉన్నారని మనమే చాటుకోవాలా?" అన్నాడు అధికారి. ఎర్ర పెన్సిలుతో గడ్డం మీద అడ్డంగా కొట్టి, కాగితాన్ని తన ఫైల్లో పెట్టుకున్నాడు. "ఇవి తీసేస్తే ఇప్పుడే వేసుకోండి. లేదంటే వచ్చే నెల నేను వచ్చినప్పుడు చూద్దాం."

"ఐలేశం, జర తీసెయ్. చుక్కలే గదా," అన్నాడు అమరేందర్.

చుక్కలే. వచ్చే నెలకు బక్కమ్మ ఉండదు. ఐలేశం కుడిచేయి ఉలి మీదికి పోయింది. "మంచిది సారూ" అనే మాట అతని నోటికి ఎంత అలవాటో, చేతికీ అంత అలవాటు. ఒక్క గీకుడుకు మూడు చుక్కలూ లేచిపోయాయి. తవ్విన చెక్క మళ్ళీ అతకదు. గీకే ముందు ఇంటి కోసం ఇంకొక ప్రతి తీసుకోవచ్చన్న సంగతి, అచ్చైన పేజీ పట్టుకుని ఇంటికి సగం దారి నడిచాక గానీ తట్టలేదు. నడిబజారులో నిలబడి, తన బుద్ధిని తానే తిట్టుకున్నాడు. వెనక్కి పోయి మాత్రం చేసేదేముంది?

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. అండాలు వంట చేసుకోవడానికి తన ఇంటికి పోయింది. బక్కమ్మ రెండు చేతులతో కాగితం పట్టుకుని చాలాసేపు చూసింది.

"గొంగడి నాదే. ముక్కు గూడ నాదే." వేలితో గడ్డం తడిమింది. "పచ్చబొట్టేది?"

"సిరా సరిగ అంటలె."

"పక్కన బుగ్గ గీతకు అంటింది గాదా? ఇన్నేండ్లు నీ పని జూసినదాన్ని, నాకు జెప్తవా? నువ్వే గీకినవ్."

ఐలేశం తల వంచుకున్నాడు.

"మావోల్లు జూస్తె ఎవలో పరాయి ఆడిది మ్యాకలు గాస్తాందంటరు," అంది బక్కమ్మ. కోపంగా అనలేదు. కోపపడినా బాగుండేది. "ఆల్లు గీకమన్నరు, నువ్వు గీకినవ్. నీదేమున్నదిలే."

నీదేమున్నది అని ఊరంతా అనుకున్నా ఐలేశానికి పట్టేది కాదు, కానీ అన్నది ఆమె. "పాలు తెస్త, జరంత తాగుదువు," అని చెంబు పట్టుకుని బయటపడ్డాడు. పాలు ఒక సాకు. ఆమె కళ్ళ ముందు నిలబడలేకపోయాడు. అంగడి దగ్గర కూడా కావాలనే చాలాసేపు నిలబడ్డాడు.

తిరిగి వచ్చేసరికి అండాలు గడపలో కూచుని ఉంది. ముంగిట్లో ఆమె పిల్లలు కూడా అరవడం లేదు.

"గూట్లె దీపం కాడికి లేసినట్టున్నది వదినె. నేనొచ్చెవరకే మంచంల ఒరిగి పానం ఇడిసింది," అంది అండాలు. "నువ్వు పొయ్యేటప్పుడు నన్ను పిలుస్తె రాకపోదునా అన్నా?"

ఐలేశం చెంబు కింద పెట్టి మంచం దగ్గరికి పోయాడు. బక్కమ్మ కళ్ళు సగం మూసి ఉన్నాయి. కుడిచేతి చూపుడువేలికి మసి. గూటి గోడ మీద నల్లగా పేరుకున్న దీపపు మసిలో ఆ వేలు గీకిన జాడ తెల్లగా కనిపిస్తోంది. అతను ఆమె చేయి తన చేతిలోకి తీసుకుని, నేను చేతకానోన్ని బక్కీ అని బిగ్గరగా ఏడ్చాడు. వినవలసిన మనిషి లేదు.

అండాలు నీళ్ళు కాచడానికి లేచింది. మంచం పక్క నేల మీద కాగితం పడి ఉంది. మేకలు కాసే ఆమె గడ్డం మీద రెండు మసి చుక్కలు ఉన్నాయి. మూడోది పెట్టబోతే వేలు జారినట్టుంది, అక్కడినుంచి మేకల కాళ్ళ దాకా ఒక నల్లటి చార దిగింది.