నాళం తెరుచుకుంది

మంగళవారం ఉదయం పది గంటలకు నెల్లూరు ఆస్పత్రిలో నా కుడిచేతి రక్తనాళాన్ని స్కానింగ్ తెర మీద చూశాను. నాకు నలభై ఒకటి. బీపీ ఉంది. నాళం ఎలా ఉందో చూడాలని డాక్టర్ మెర్లిన్ పరగడుపున రమ్మన్నారు. తోడుగా మా అత్త రెబెక్కమ్మ వచ్చింది. తోటపల్లి గూడూరులో బస్సెక్కుతుంటే నా భర్త జయకుమార్, "నొప్పే లేదంటివి, పరీక్షెందుకు? తొందరగా రాండి, చేపలు తెస్తా" అన్నాడు.

ముంజేతికి పట్టీ బిగించి రక్తం ఆపారు. ఐదు నిమిషాలు కదలొద్దన్నారు. పగటిపూట ఊరికే పడుకున్నది కాన్పులప్పుడే. అప్పుడు కూడా పప్పు డబ్బా ఎక్కడుందో మంచంలోంచే చెప్పాను. ఫోను మోగింది. నేను కదల్లేదు. పట్టీ వదిలారు. తెర మీద రెండు గీతల మధ్య నల్లటి దారి వెడల్పయింది. దానికి ఎవరూ చెప్పలేదు. నేను పుట్టకముందు నుంచీ, నేను నిద్రపోతున్నా, తిట్లు తింటున్నా, అది తెరుచుకుంటూనే ఉంది. ఈ చేత్తో ఇన్నేళ్లు గిన్నెలు తోమాను. దీని లోపల ఇది జరుగుతోందని నాకు తెలియదు.

"తెరుచుకుంది గానీ చాలినంత కాదు," అన్నారు డాక్టర్. "నాళం లోపలి పొర ఒక వాయువు పుట్టిస్తుంది. తెరుచుకోమని చెప్పేది అదే. పొగ, మళ్లీ మళ్లీ కాగిన నూనె లాంటివి ఒంట్లో ఫ్రీ రాడికల్స్ అనే హానిచేసే అణువులను పెంచుతాయి. అవి ఆ వాయువును తినేస్తాయి. దీన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటాం. ఏళ్లు గడిస్తే నాళం గట్టిపడుతుంది, కొవ్వు పేరుకుంటుంది, గుండెకే ముప్పు. మీకింకా బాగుపడే వీలుంది. కాగిన నూనె వాడతారా?"

నాకంటే ముందు అత్త చెప్పింది.

"మగోళ్లకి కొత్త నూనెలో చేపలు ఏయిస్తాం మేడమ్. మిగిలింది గిన్నెలో ఎత్తిపెట్టి మా ఇద్దరి కూరకి పోస్తాం. పారబోస్తామా ఏంది?"

నాకు అది నేర్పింది ఆమే. ఆమెకు వాళ్లత్త నేర్పింది.

అత్త ఇంకా తెరనే చూస్తోంది. "అమ్మే, ఇట్టాంటిది నాకూ ఉంటదా?"

"ఉంటుందత్తా."

"అదెట్టుండాదో."

మళ్లీ ఫోను. "చేపలు తెచ్చి గంటయింది. ఎవరు కడుగుతారు?" అన్నాడు జయకుమార్.

"మీరే కడుక్కోండి. అత్తకు కూడా పరీక్ష చేయిస్తున్నా."

"అమ్మకేం రోగం?"

"తెలియదు. అందుకే. పొయ్యి పక్కన గిన్నెలో ఉన్న నూనె పారబోయండి."

డాక్టర్ అత్తను పొద్దున ఏం తిన్నారని అడిగారు.

"కోడలు పస్తుంటే నేనెట్టా తింటా మేడమ్?"

అత్త చెప్పులు విడిచి మంచం ఎక్కింది. పదకొండున్నరకు నర్సు ఆమె చేతికి పట్టీ బిగించింది.