ల్యాంపు రూములో పదిహేడు ఫోన్లు

మా బాపు ఎల్లన్న ముప్పై ఏళ్లు బొగ్గు కొట్టాడు. ఊపిరి ఆడక అన్‌ఫిట్ అయినప్పుడు, ఆయన ఉద్యోగం కొడుక్కైనా అల్లుడికైనా ఇవ్వొచ్చన్నారు. నేనప్పుడు డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. "సదువుకున్నోనివి, నువ్వు బాయిల దిగుడేంది" అని ఆ ఉద్యోగం మా మమతక్క భర్త వీరేందర్‌కు ఇచ్చాడు. నాకేమీ బాధ లేదని అందరికీ చెప్పాను. అడగని వాళ్లకు కూడా చెప్పాను.

వీరేందర్ బావ పదో తరగతి తప్పాడు. బొగ్గు బాయిలో పంపు ఆపరేటర్. నేను గోదావరిఖని చౌరస్తా దగ్గర నెట్ సెంటర్ పెట్టుకున్నాను. మా ఇంటిపేరు మీద డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ని నేనే.

ఇది సకల జనుల సమ్మెకు వారం ముందటి సంగతి. తెలంగాణ కోసం బాయిలన్నీ ఆగబోతున్నాయి. మా బాయి సమ్మె కమిటీకి బాపు పెద్ద. పోలీసులు ముందే పట్టుకుపోతారని ఆయన ఇల్లు విడిచి మల్లక్క అనే ఆమె క్వార్టర్‌లో ఉంటున్నాడు. అక్కడి నుంచి చిట్టీలు రాసేవాడు. చిట్టీని మా అవ్వ అక్క ఇంటికి చేర్చేది. అక్క దాన్ని జొన్నరొట్టె మడతలో పెట్టి బావ టిఫిన్‌లో సర్దేది. బాయి లోపల అన్నాలప్పుడు బావ దాన్ని కమిటీ వాళ్లకు ఒక్కొక్కరికి చూపించి, పంపు దగ్గరి నీళ్లలో నలిపి పారేసేవాడు.

నేను బాపు దగ్గరికి పోయి కూర్చున్నాను.

"ఏ కాలం పద్ధతి బాపూ ఇది? నేను సెల్లుల మెసేజ్ కొడితే నిమిషంల అందరికి పోతది."

"సెల్లులు ఇంటున్నరు కొడుకా."

"ఇన్నా సమజ్ కాకుంట రాస్త. మీటింగును తొట్లె అందాం, పిల్లను ఊయలల ఏసే పండుగ లెక్క. మల్లక్కను పూలమ్మ అందాం. పూలమ్మ ఇంట్ల తొట్లె, నాలుగు గంటలకు రావాలె. ఎవనికి తెలుస్తది?"

బాపు దగ్గుతూ నవ్వాడు. "మంచిగనే ఉంది. కాని వీరేందర్ చేతిల పెడితె నాకు ఫికర్ ఉండది."

పక్కన కూర్చున్న మల్లక్క, "గా పిలగాడు బంగారం" అంది. నేను కూడా తలూపాను.

రెండు రోజుల తర్వాత అవ్వకు మోకాళ్లు పట్టేశాయి. తెల్లవారి నన్ను లేపి మామిడికాయ తొక్కు సీసా, మడిచిన కాగితం ఇచ్చింది. "జల్ది అక్కకిచ్చిరా. ఇప్పకు బిడ్డా. మీ బాపు గట్టిగ చెప్పిండు."

"నాకు ఇప్పద్దని చెప్పిండా?"

"ఎవలైనా ఇప్పద్దన్నడు."

బావ విప్పొచ్చు. నేను విప్పకూడదు. రైల్వే గేటు దగ్గర సైకిల్ ఆపి విప్పాను. పెన్సిల్‌తో ఒకే వాక్యం రాసి ఉంది. ఇవాళ నాలుగింటికి మల్లక్క ఇంట్లో కలవాలి. ఎవరి పేరూ లేదు, ఎవరికన్నదీ లేదు. మళ్లీ మడిచి అక్క చేతిలో పెట్టాను. బావ బనియన్‌తో నిలబడి బూట్లు తుడుచుకుంటున్నాడు.

"ఏం బామ్మర్దీ, పొద్దుగాల్నే దర్శనమిచ్చినవ్? చాయ్ తాగిపో."

"దుకాణం తెరవాలె" అన్నాను.

కమిటీ కరపత్రాలు నా దగ్గరే టైపు చేయించారు కాబట్టి వాళ్ల నంబర్లు నా దగ్గర ఉన్నాయి. ఫస్టు షిఫ్టులో ఉన్న పందొమ్మిది మందినీ వరుసగా ఎంచుకున్నాను. బావ నంబరు ఎంచలేదు. పది గంటలకు 'పూలమ్మ ఇంట్ల తొట్లె, నాలుగు గంటలకు రావాలె' అని మెసేజ్ కొట్టాను. బావ రొట్టె విప్పేసరికి అందరూ "మాకు తెలుసు గదా" అనాలని నా కోరిక. ఆయన ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ రెండు చాయ్‌లు తాగాను.

మూడున్నరకు బుచ్చన్న వచ్చాడు. ఆయన మా బాయిలో దిగేవాళ్లకు తలదీపాలు ఇచ్చే ల్యాంపు రూములో క్లర్కు, కమిటీకి నమ్మకస్తుడు. షట్టరు సగం దించి స్టూలు లాక్కున్నాడు.

"తమ్మీ, ఇయ్యాల మా దగ్గర బ్యాండుమేళం మోగింది."

"ఏంది కాకా?"

"బాయిలకు సెల్లు పోతదా? నిప్పురవ్వ లేస్తే గ్యాసు అంటుకుంటదని అగ్గిపెట్టెతో పాటు అన్నీ నా దగ్గరనే పెట్టి దిగుతరు. పది గంటలకు అరల మీద పదిహేడు సెల్లులు ఒక్కసారే మొత్తుకున్నయి. రెండు బందు జేసి ఉండె, లేకుంటె అవి గూడ మోగుతుండె. సెక్యూరిటీ సారు గాన్నే చాయ్ తాగుతుండు."

సెల్లు బాయిలోకి పోదని ఈ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. పొద్దున ఎందుకు గుర్తుకు రాలేదో నాకే తెలుసు.

"తొట్లె అని రాసిన కాకా. మీటింగని రాయలే."

"తొట్లెనే చదివిండు సారు. నవ్విండు. 'ఈ పదిహేడు మందికి ఏం చుట్టరికమయ్యా, ఒక్కని కులం ఇంకొకనిది గాదు, ఒక్కని ఊరు ఇంకొకనిది గాదు, అందర్ని ఒక్క తొట్లెకు ఎవడు పిలుస్తడు' అన్నడు. ఏం రాసినవో ఆయనకు పనే లేదు. ఎవలెవలికి పోయిందో పేర్లు రాసుకున్నడు. ఇన్నొద్దులు కమిటీల ఎవలున్నరో వాళ్లకు తెల్వకుండె."

"బాపు?"

"షిఫ్టు దిగంగనే వీరేందర్‌కు చెప్పిన. ఉరికిండు. మీ బాపును మల్లక్క ఇంట్లకెళ్లి తీసి ఎటో దాటిచ్చిండట. మీటింగు లేదు."

బాపు దొరకలేదు. ఆ మాట విని గుండె నిమ్మళమైంది. దాటించింది బావే అన్నది మాత్రం నచ్చలేదు.

సాయంత్రం అక్క క్వార్టర్‌కు పోతే అక్క గడపలో నిలబడి ఉంది.

"మీ బావను స్టేషన్‌కు తీస్కపోయిండ్రు. మెసేజ్ వచ్చిన నంబరు ఆయన పేరు మీద ఉందట. ఏ నంబర్‌రా?"

మూడేళ్ల కింద నా దగ్గర ఏ గుర్తింపు కాగితమూ లేక, బావ కంపెనీ కార్డు జిరాక్సు పెట్టి సిమ్ము తీసుకున్నాను. ఫారం మీద ఫోటో ఆయనదే, సంతకం ఆయనదే.

"నాదే అక్కా" అన్నాను.

అక్క నన్ను కొట్టలేదు. "బాపుకు నువ్వే చెప్పు" అని లోపలికి పోయింది.

ముందు స్టేషన్‌కు పోయాను. బావ బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఎస్సైకి నమస్తే పెట్టి, ఆ సెల్లు నాదనీ మెసేజ్ నేనే కొట్టాననీ, బావకు ఏమీ తెలియదనీ చెప్పాను.

ఎస్సై ఫారం నా ముందుకు జరిపాడు. "ఈ ఫోటోల ఉన్నది నువ్వా?"

"కాదు సార్. కాని వాడేది నేను."

"ఆయనేమో రాంగనే నాదేనని ఒప్పుకుండు. నువ్వచ్చి నాది అంటవ్. కాగితం మాత్రం ఆయన పేరే చెప్తుంది."

"సార్, డ్యూటీల ఉన్నోడు పది గంటలకు మెసేజ్ ఎట్ల కొడుతడు?"

ఎస్సై ఫారం మళ్లీ తిరగేశాడు. బావ నా వైపు చూసి మెల్లగా తల అడ్డంగా ఊపాడు. అందులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది.

"ఇంటికి పోరాదు బామ్మర్దీ. బాపు ఆయాసంతోటి ఉన్నడు. సదువుకున్నోనివి, నీ పేరు స్టేషన్ల ఎందుకు" అన్నాడు.

ఉద్యోగం ఇచ్చిన నాడు బాపు కూడా చదువుకున్నోడివనే అన్నాడు. నేను కదల్లేదు. ఆ బల్ల నాది. చేసింది నేను. అది కూడా ఆయనకే పోతే నాకు మిగిలేది ఏమిటో తెలియలేదు. పోయి బావ పక్కన కూర్చున్నాను.

కానిస్టేబుల్ రాసుకునే పుస్తకం తెచ్చాడు. "నువ్వెవరయ్యా మరి?"

నోరు తెరిచాను. డిగ్రీ, నెట్ సెంటర్, ఎల్లన్న కొడుకు, అన్నీ నాలుక దాకా వచ్చాయి. ఆయన కలం ఆపి చూస్తున్నాడు.

"వీరేందర్ బామ్మర్దిని" అన్నాను. ఆయన అదే రాసుకున్నాడు.