రెక్క తిరగని మలుపు

ఎర్ర గీత రాత్రికి రాత్రే గోడ మారింది.

నిన్న పొద్దుగూకేదాకా అది కాంట్రాక్టరు ప్రహరీ మీద ఉంది. బారెడు గీత, పక్కన బాణం, కింద అంకె. సర్వేవాళ్ళు గీస్తుండగా మేస్త్రి దగ్గరే నిలబడి చూశాడు. పొద్దున పళ్ళు తోముకుంటూ వీధిలోకి వస్తే ప్రహరీ మీద ఆ మేర తడి సున్నం. గీత రోడ్డు దాటి ఇవతలికొచ్చి మొదటి ఇంటి గోడెక్కింది. అది మేస్త్రి అక్క ఇల్లు. రెండోది మేస్త్రిది. అక్కణ్ణుంచి చివరిదాకా ఏడు ఇళ్ళకీ ఏడు గీతలు.

మేస్త్రి అవతలికి వెళ్ళి సున్నాన్ని గోటితో గీకాడు. ఒంటిపూత. కింద ఎరుపు కనిపిస్తూనే ఉంది.

"ఏంట్రా తమ్ముడూ, పొద్దున్నే వాళ్ళ గోడకి గోకుడు సేవ చేస్తున్నావ్?" అక్క గుమ్మంలోంచి కేకేసింది.

మేస్త్రి తెల్లబడ్డ వేలు చూపించాడు. అంతే. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని వీడికి భయమని అక్క చిన్నప్పట్నుంచీ దెప్పుతూనే ఉంది. ఆవిడ ఆ వేలి వంక చూసింది. వెనక్కి తిరిగి తన గోడ చూసుకుంది. చేతిలో చీపురు జారిపోయింది.

కొండ మీదికి గాలిమరలు వస్తున్నాయి. బొగ్గు తగ్గించి గాలితోనూ ఎండతోనూ కరెంటు తియ్యాలని ప్రభుత్వం విధానం పెట్టింది, గడువూ పెట్టింది. ఈ కొండ వంతుకి నలభై మరలు. మరకి మూడు రెక్కలు. ఒక్కో రెక్క నూట ఎనభై అడుగులు. దాన్ని ముక్కలు చెయ్యడానికి లేదు, పొడుగు లారీ మీద పడుకోబెట్టి తేవాల్సిందే. కొండకి దారి ఒకటే. ఆ దారి ఈ ఏడిళ్ళ దగ్గర మోచేయిలా మడత పడుతుంది. మలుపుకి లోపలివైపు ఏడిళ్ళు, క్వారీలో రాళ్ళు కొట్టేవాళ్ళవి. బయటివైపు కాంట్రాక్టరు ఖాళీ జాగా. పిచ్చిమొక్కలు తప్ప అందులో ఏమీ లేదు, చుట్టూ మాత్రం నిలువెత్తు ప్రహరీ. క్వారీ ఆయనదే, లారీలు ఆయనవే, రెక్కలు మోసే పని కూడా ఆయనే పట్టాడు. రెక్క తిరగాలంటే ఎవరో ఒకరు చోటివ్వాలి. ఎవరివ్వాలో ఒక సున్నం డబ్బా తేల్చేసింది.

పది గంటలకి కాంట్రాక్టరు జీపు వచ్చి ఆగింది. వెంట ఒక గుమాస్తా, ఏడు కాగితాలు, జిగురు డబ్బా.

"పదిరోజుల్లో ఖాళీ చెయ్యాలి. ఇది నా పని కాదు, దేశం పని," అన్నాడు కాంట్రాక్టరు.

"దేశం మీ గోడ దాకా వచ్చి మా ఇళ్ళవైపు తిరిగిందేం బాబూ? అక్కడ కుక్కుందని భయపడిందా?" అంది అక్క.

జనం గొల్లున నవ్వారు. కాంట్రాక్టరు నవ్వలేదు. వెళ్తూ వెళ్తూ మేస్త్రి భుజం మీద చెయ్యేసి జీపు అవతలికి తీసుకెళ్ళాడు.

"కొండమీద స్టాఫు క్వార్టర్లు కట్టాలి. ఇరవై. ఆ పని నీదే అనుకో. మీ అక్క నోరు నువ్వు కట్టు, నీ చేత నేను క్వార్టర్లు కట్టిస్తా. ఏమంటావ్?"

మేస్త్రి తల దించుకుని కాలితో కంకర నెట్టాడు. దాన్ని కాంట్రాక్టరు ఒప్పుకోలు కింద తీసుకున్నాడు.

రెండు రోజులు మేస్త్రి ఆ మాటకి లెక్కలేస్తూనే ఉన్నాడు. ఇరవై క్వార్టర్లంటే మూడేళ్ళ పని. ఇల్లు పోతే పోయింది, మూడేళ్ళ పనితో ఇంకోటి కట్టుకోవచ్చు. తనొక్కడే కట్టుకోగలడు. ఆ 'ఒక్కడే' దగ్గరికి వచ్చేసరికి లెక్క తెగేది కాదు.

మూడోనాడు క్వారీ సెలవు. అందరూ బడి వరండాలో కూడారు. క్వారీలో డ్రిల్లు పట్టే కుర్రాడు ముందుగా లేచాడు.

"మాటలెందుకు? నాలుగు డబ్బాల డీజిల్ చాలు. రెక్కలు రాగానే నిప్పెడితే పీడా పోతుంది."

"కూర్చోరా నిప్పుకోడీ," అన్నాడు బొగ్గు మామ. ముప్పై ఏళ్ళు బొగ్గు కరెంటు ఫ్యాక్టరీలో బూడిద ఎత్తి వచ్చినవాడు. ప్రతి మాటకీ ముందో దగ్గు, వెనకో దగ్గు. "నా ఛాతీలో ఉన్నది ఏంటనుకున్నావ్? బూడిద. నాతో పాటు చేరినవాళ్ళు పదకొండుమంది, ఇప్పుడు నేనొక్కణ్ణి మిగిలా. గాలి కరెంటు రావాల్రా. అది మన శత్రువు కాదు. దాని పేరు చెప్పి మన నెత్తినెక్కేవాడు శత్రువు."

"నెత్తిన తీగలెళ్తున్నాయి, మన ఇళ్ళల్లో కిరసనాయిలు దీపాలు. స్థలానికి కాగితం లేదని మీటరివ్వరు. ఆ తీగల కోసం ఇప్పుడు ఇల్లు కూడా ఇవ్వాలా?" అని ఓ ఆడమనిషి వెనకనుంచి అరిచింది.

బడి టీచరమ్మ చేతిలో ప్రభుత్వ విధానం పుస్తకం ఉంది. వేలు పెట్టుకుని చదివింది: "'సామగ్రి రవాణా కొరకు నివాసాలను తొలగించుట, మరొక మార్గము లేదని నిర్ధారణ అయినప్పుడు మాత్రమే.'"

"నిర్ధారణంటే?"

"వేరే దారి లేదని తేల్చడం."

"ఎవరు తేల్చాలి?"

"సర్వేవాళ్ళు."

"సర్వేవాళ్ళకి టీ పోసేదెవరు?"

అందరి తలలూ ప్రహరీ వైపు తిరిగాయి.

అప్పుడు లేచాడు మేస్త్రి. ఆయన లేవడమే వింత గనక వరండా సద్దుమణిగింది.

"నాకు ఇరవై క్వార్టర్ల పని ఇస్తానన్నాడు. మీకు నచ్చజెబితే."

అక్క తమ్ముడి మొహంలోకి సూటిగా చూసింది.

"ఎప్పుడన్నాడు?"

"గీత పడ్డ రోజే."

"మూడ్రోజులు దాచుకున్నావా? నా పక్కింట్లో కూర్చుని?"

"దాచుకున్నా," అన్నాడు మేస్త్రి. తల దించలేదు. "ఇప్పుడు చెప్తున్నా. వాడిచ్చే పని నాకొద్దు. మలుపు మనమే కొలుద్దాం."

మర్నాడు తెల్లవారుతూనే కొలత మొదలైంది. ఇళ్ళల్లో ఉన్న తాళ్ళన్నీ ముడేసి నూట ఎనభై అడుగులు చేశారు. ఆడవాళ్ళు పదడుగులకొకరు పట్టుకుని మలుపు తిరిగారు. తాడు ఇటు చూరుకీ తగల్లేదు, అటు గోడకీ తగల్లేదు. నున్నగా వెళ్ళిపోయింది. జనం ఈలలు, చప్పట్లు. మేస్త్రి కూడా నవ్వాడు. వంకర గోడకి తాడేసి కొలవడం ముప్పై ఏళ్ళుగా అలవాటైన చెయ్యి ఆయనది.

ప్రహరీ మీద కూర్చున్న కాపలావాడు కడుపు పట్టుకుని నవ్వాడు. "తాడు కదమ్మా! సూది బెజ్జంలోంచి కూడా దూరుతుంది! రెక్క అలా వంగుతుందేంటి?"

చప్పట్లు ఆగిపోయాయి. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. తాడు చుట్టి పక్కన పడేశాడు. ఇంటి వెనక్కి వెళ్ళి పరంజా గడలు భుజానేసుకుని వచ్చాడు. గోడలు కట్టేటప్పుడు ఎక్కి నిలబడే వెదురుగడలు అవి. ఒకదాని కొనకి ఒకటి, జోడు కట్లు, ఎక్కడా ఊగకుండా. నలభై మంది వరసగా నిలబడి దాన్ని భుజాలకెత్తుకున్నారు. బొగ్గు మామ దగ్గుతూనే తోకన నిలబడ్డాడు.

"అడుగు!" అంది అక్క. నలభై జతల కాళ్ళు కదిలాయి.

ఈసారి గడ సగం తిరిగి బిగుసుకుపోయింది. రెండు కొనలూ ప్రహరీకి తగిలాయి. నడుము అక్క ఇంటి చూరుకి తగిలింది.

మేస్త్రి నేలమీద బొగ్గుతో గుర్తులు పెట్టాడు. గడని దించి, ఎత్తి, జరిపి, మళ్ళీ ఎత్తి ఆరుసార్లు కొలిచాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎవరూ మొయ్యలేమనలేదు.

"ప్రహరీ పన్నెండడుగులు వెనక్కి జరిగితే చాలు. ఒక్క ఇల్లు పడక్కర్లేదు," అన్నాడు చివరికి. గోడమీద కాపలావాడు నవ్వడం ఎప్పుడో మానేశాడు.

ఆ కొలతలు టీచరమ్మ కాగితం మీద పెట్టింది. అందరూ కలిసి ప్రాజెక్టు అధికారి ఆఫీసుకి వెళ్ళారు. ఆయన కాగితం చూసి పక్కన పెట్టాడు.

"సర్వే అయిపోయింది. మీరేమన్నా ఇంజనీర్లా?"

"కాదు సార్," అంది అక్క. "మీ ఇంజనీర్లుండే ఇళ్ళు కట్టినవాళ్ళం."

పదోరోజు పొద్దున ఎనిమిదింటికే వచ్చారు. ముందు పోలీసు వ్యాను వచ్చి మలుపు దాటి కొండవైపు ఆగింది. తర్వాత ఇళ్ళు కూల్చే పొక్లెయిను గొలుసుల చప్పుడుతో వచ్చి అక్క ఇంటి ముందు నిలబడింది. వెనకాల, వీధి మొదట్లో, రెక్క. తెల్లగా, నున్నగా, ఊళ్ళో ఏ ఇంటికన్నా పొడుగ్గా. దాని తోక దగ్గర ఒక మనిషి నడుస్తున్నాడు. మెడలో ఒక పెట్టె. లారీ వెనక చక్రాలు ఆ పెట్టెలోని మీటలతోనే తిరుగుతాయి.

ఏడిళ్ళ ముందూ జనం గడ అడ్డం పట్టుకుని నిలబడ్డారు. క్వారీ మొత్తం అక్కడే ఉంది. మేస్త్రి గడ నడుముని పట్టుకున్నాడు, సరిగ్గా చూరు కింద.

"చట్టాన్ని అడ్డుకుంటున్నారు! దేశానికొచ్చే వెలుగుని అడ్డుకుంటున్నారు!" అధికారి మైకులో అరిచాడు.

"వెలుగు రానివ్వండి సార్! గోడవైపునుంచి రానివ్వండి!"

పోలీసులు దూకారు. లాఠీ ఒకటి మేస్త్రి మోచేతి మీద పడింది. చెయ్యి తిమ్మిరెక్కింది గాని గడ వదల్లేదు. నలుగురు కలిసి వేళ్ళు విడదీసి వ్యానులోకి తోశారు. అక్కని జుట్టు పట్టి లాగారు. "జుట్టొదలరా, నేనే నడుస్తా! నీకన్నా వేగంగా నడుస్తా!" అంటూ ఆవిడే వ్యానెక్కింది. ఒకరిని లాగితే ఆ చోట ఇంకొకరు గడ కింద భుజం పెట్టారు. పదకొండుమందితో వ్యాను నిండింది. గడ మాత్రం అలాగే ఉంది.

కాంట్రాక్టరుకి ఓపిక పోయింది. మర్నాడే కొండమీద మొదటి రెక్క ఎత్తే సభ. పెద్దలొస్తున్నారు.

"రానివ్వండి రెక్కని! మలుపులోకి తెచ్చి పెట్టండి! ఇళ్ళు పడే లోపు సమయం కలిసొస్తుంది!"

లారీ మలుపులోకి దూరింది. ముక్కు ప్రహరీకి జానెడు దూరంలో ఆగింది. తోక ప్రహరీకి ఆనింది. నడుము అక్క ఇంటి చూరుమీదికి వచ్చి నిలిచింది. అచ్చంగా ఆ రోజు వెదురుగడ నిలిచినట్టే. కిందనున్న పొక్లెయిను చెయ్యెత్తబోయి ఆగిపోయింది. నెత్తిమీద మూరెడు ఎత్తులో కోట్ల ఖరీదు చేసే రెక్క. చెయ్యెత్తితే రెక్క పోతుంది. ఎత్తకపోతే ఇల్లు పడదు.

"వెనక్కి తీయ్!" అన్నాడు కాంట్రాక్టరు, పెట్టె మనిషి వైపు తిరిగి.

పెట్టె మనిషి ఒళ్ళంతా దుమ్ము. నిద్రలేని కళ్ళు. నాలుగు రోజుల నుంచి ఆ రెక్క వెనకాలే నడుస్తున్నాడు. గడ పట్టుకున్న జనాన్ని చూశాడు, నేలమీద బొగ్గు గుర్తుల్ని చూశాడు. నడుచుకుంటూ వెళ్ళి వ్యాను కిటికీ దగ్గర ఆగాడు.

"కొలిచింది ఎవరు?"

"అందరం," అన్నాడు మేస్త్రి. చెయ్యి వాచిపోతోంది.

"ఎంత కావాలి?"

"పన్నెండు. గోడవైపు."

"నేనూ అంతే అనుకున్నా. మొదటి సర్వేలో నాకు చెప్పిందీ అదే." మెడలోంచి పెట్టె తీశాడు. చంటిబిడ్డని దించినట్టు జాగ్రత్తగా రోడ్డుమీద పెట్టి, పక్కనే కూర్చున్నాడు. "జనం మీదికి తిప్పమంటే తిప్పను. వెనక్కీ తియ్యను. ఇంకెవరికన్నా చేతనైతే తీసుకోమనండి."

ఎవరికీ చేతకాదు. అది అందరికీ తెలుసు. కొండకి దారి ఒకటే గనక వ్యాను కూడా ఊళ్ళోకి దిగలేదు. పట్టుకున్నవాళ్ళు, పట్టుబడ్డవాళ్ళు, అధికారి, కాంట్రాక్టరు, అందరూ ఒక రెక్కకి అవతలే చిక్కారు. ఎండ ముదిరింది. అధికారి ఫోను మోగుతూనే ఉంది. పై నుంచి వచ్చే మాట బయటికి వినపడకపోయినా ఆయన నుదుటి చెమట చూస్తే అర్థమవుతూనే ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఆయన వ్యాను దగ్గరికొచ్చాడు.

"గోడ తీయించేస్తాను. యంత్రం కదిలేటట్టు లేదు. మీ వాళ్ళకి చెప్పండి, గునపాలు తెమ్మని."

కాంట్రాక్టరు నోరు తెరిచాడు. అధికారి అటు చూడలేదు.

మేస్త్రి లేవబోయాడు. అక్క చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

"కాగితం మీద రాయండి సార్. ఏడిళ్ళూ కదలవని. మీటర్లిస్తామని. ఎర్రరంగు డబ్బా తెప్పించి గీత ముందు ఉన్నచోటే మీ చేత్తో గీయండి. అప్పుడు దిగుతాం."

అధికారి రాశాడు, గీశాడు. మీటర్ల మాట దగ్గర కలం ఆగింది. "అది నా చేతిలో లేదు," అన్నాడు. ఆ మాట వదిలేసి మిగతాదానికి సంతకం పెట్టాడు.

మేస్త్రి వాచిన చేత్తోనే గునపం అందుకున్నాడు. "ఈ గోడ కట్టింది నేనే. పునాది మూరెడే. అంతకన్నా లోతు వద్దని ఆయనే అన్నాడు," అని మూల చూసి ఒక్క పోటు పొడిచాడు. గంటలో మలుపు పొడుగునా గోడ నేలమట్టమయింది. పెట్టె మనిషి లేచి పెట్టె మెడలో వేసుకున్నాడు. రెక్క చూరుని తాకకుండా, పిచ్చిమొక్కల మీదుగా కొండవైపు సాగిపోయింది.

దారి తెరుచుకోగానే పోలీసులు పదకొండుమందినీ మళ్ళీ వ్యానెక్కించారు. కేసు కేసే అన్నారు. పెట్టె మనిషి పేరు కూడా రాసుకున్నారు.

వ్యాను కదిలింది. వెనకాల జనం గడని భుజానికెత్తుకున్నారు. నూట ఎనభై అడుగులు, ఎక్కడా ఊగకుండా, పోలీసు స్టేషను దాకా. ముందు డ్రిల్లు కుర్రాడు, తోకన బొగ్గు మామ.

అధికారి కారు ఆ వరస వెనక చిక్కుకుంది. ఆయన అద్దం దించి, "ఇంకా ఏం కావాలయ్యా మీకు? ఇళ్ళు మిగిలాయి కదా!" అన్నాడు విసుగ్గా.

"మీటర్లు. వ్యాన్లో ఉన్న మనుషులు." బొగ్గు మామ తోక వదలకుండానే దగ్గు ఆపుకుని చెప్పాడు. "తొందరేం లేదు సార్. ఇంకా నూట పందొమ్మిది రెక్కలు ఈ మలుపు దాటాలిగా."